బావగారి పేరిట ఒక చెట్టు

పార్సిప్పనీ, న్యూజెర్సీ
ఆగస్టు 28, 2010

విశ్వనాథం బావగారికి మరదలు నళిని నమస్కారాలు.

ఈ మాట ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఫోన్ చేస్తే అక్క తీస్తుంది, తీయగానే స్పీకర్ పెడుతుంది. మీ ఒక్కరికే చెప్పాల్సింది మీ కమ్మింగ్ ఊరంతా వింటుంది. ఈమెయిల్ రాద్దామంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు చదవనని మీరు ఒట్టు పెట్టుకున్నారాయె. అందుకే కాగితం, పెన్ను.

మీరు చెట్టయ్యారు బావగారూ!

నవ్వకండి, నిజంగానే. కిందటేడు మ్యూజియం తరఫున బోర్నియో వెళ్ళాను కదా. అక్కడ సబా అడవుల్లో ఒక రాతి ఓక్ చెట్టు దొరికింది. ఆకు వెనకంతా బంగారు రంగు నూగు, కాయ కింది గిన్నె మీద వరసగా మెట్లలాంటి వలయాలు. ఈ ఆకూ ఈ కాయా కలిసి ఉన్న చెట్టు గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఏడాది పాటు పుస్తకాలన్నీ తిరగేసి, బీరువాల్లోని పాత నమూనాలన్నీ పక్కన పెట్టి చూసుకున్నాను. కొత్త జాతే. పేరు పెట్టే హక్కు నాది. మన శాస్త్రంలో ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోవడం మర్యాద కాదు కనుక గురువు పేరు పెట్టాను. ‘లితోకార్పస్ విశ్వనాథమి’. జర్నల్‌లో అచ్చయింది. కాపీ ఈ కవర్‌లోనే ఉంది, ఫొటోలు చూడండి.

బీచ్ చెట్ల కుటుంబంలో ఉష్ణమండలపు ఓక్‌ల మీద పిహెచ్‌డి చేసిన తెలుగువాళ్ళు నాకు తెలిసి మీరొక్కరే. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం ఈ దేశం మీకు ఇవ్వలేదు. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఐసెలిన్‌లో మీ ఇంట్లో ఉన్నాను. మీరు పార్కులో ఆకు కోసి నా చేతికిచ్చి, “వెనక్కి తిప్పి చూడు. ముందువైపు అందరూ చూస్తారు” అనేవారు. నేను ఇవాళ తినే తిండి ఆ ఒక్క మాట పెట్టిందే.

చెట్టు ఎంత ఎత్తో చెబితే నమ్మరు. ఎక్కేవాళ్ళు నానా తంటాలు పడి ఒక్క కొమ్మ కోసి కింద పడేశారు. దాని మీద కాయల్లేవు. కాయలన్నీ అప్పటికే రాలిపోయి కింద ఉన్నాయి, ఏరుకున్నాం.

ఇంకో సంగతి. మీ ఊరి మనోహర్ గారి అమ్మాయి ఉజ్వల నా దగ్గరే కదా పిహెచ్‌డి చేస్తోంది. కోస్టారికా ఓక్‌ల మీద పనికి ఇంకో ప్రొఫెసర్ రమ్మంటున్నాడు. మంచి అవకాశమే. ఈ పిల్లేమో, “ఆంటీ, ఎవరూ స్టడీ చెయ్యని ట్రీ ఉంటే నేను కోస్టారికా ఎందుకు వెళ్తాను?” అంటోంది. జనవరిలోగా తేల్చుకోవాలి. మీ చెట్టుకి అప్పుడే ఒక అభిమాని తయారైందన్నమాట.

అక్కకి ఈ ఉత్తరం మీరే చదివి వినిపించండి. మోకాళ్ళ నొప్పులకి మందులు మానొద్దని నా మాటగా చెప్పండి.

మిమ్మల్ని చెట్టెక్కించిన మరదలు,
నళిని


కమ్మింగ్, జార్జియా
సెప్టెంబర్ 14, 2010

చి. సౌ. నళినికి బావ ఆశీస్సులు.

పొగిడి మునగచెట్టు ఎక్కించేవాళ్ళని చూశాను గానీ, ఏకంగా మనిషినే చెట్టు చేసినదాన్ని నిన్నే చూశాను.

నీ ఉత్తరం మీ అక్కకి వినిపించాను. అదే నేను చేసిన పొరపాటు. సాయంత్రానికి గుడిలో తెలిసింది. మర్నాడు ఇండియన్ గ్రోసరీలో కరివేపాకు తూచే పిల్లాడు, “కంగ్రాట్స్ అంకుల్, మీ పేరు మీద ట్రీ ఉందటగా” అన్నాడు. మీ త్రివేణి అక్క బోర్నియో ఎక్కడుందో కూడా అడగలేదు. “పెద్ద చెట్టేనా?” అని ఒక్కటే అడిగింది. పెద్దదేనన్నాను. “అయితే సరే” అంది.

మా తెలుగు సంఘం ప్రెసిడెంటు గౌరీశంకర్ నీకు తెలుసుగా, ఎవరికి ఏం జరిగినా శాలువా కప్పే మనిషి. నవంబర్‌లో సన్మానమట. నువ్వు వచ్చి మాట్లాడాలట. వద్దంటే వినడం లేదు. నేనూ పెద్ద గట్టిగా వద్దనలేదులే.

నీ పేపరు రెండుసార్లు చదివాను. భాష బాగుంది. ఫొటోలు భూతద్దం పెట్టుకుని చూశాను. ఆ కొమ్మ మీద కాయల్లేవన్నావు. కాయలు ఏరింది సరిగ్గా ఆ చెట్టు మొదట్లోనేనా, కాస్త అటూ ఇటూనా? ఊరికే అడిగాను. ముప్ఫై ఏళ్ళు ఫుడ్ కంపెనీలో మైక్రోస్కోప్ కింద మిరియాలు పోసుకుని, వాటిలో బొప్పాయి గింజలు కలిపారేమోనని వెతికినవాణ్ణి. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ముసలాడి చాదస్తం, వదిలెయ్.

మీ ఆయన శ్యామ్‌సుందర్‌కి ప్రాజెక్ట్ ఎక్స్‌టెండ్ అయిందా? మీ అక్క అడగమంది.

నీ చెట్టు బావ,
విశ్వనాథం


పార్సిప్పనీ
అక్టోబర్ 23, 2010

బావగారికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. పని ఒత్తిడి.

కాయల సంగతి అడిగారు. చెట్టు కిందే ఏరాం.

నవంబర్ ఫంక్షన్ వసంతకాలానికి వాయిదా వెయ్యడానికి కుదురుతుందేమో గౌరీశంకర్ గారిని అడగండి. నాకు ఆ నెల ఇక్కడ రివ్యూలున్నాయి. పైగా మీకు చలి పడదు. ఒక పేపరు అచ్చయినంత మాత్రాన ఇంత హడావుడి ఎందుకో. మన శాస్త్రంలో ఇవాళ పెట్టిన పేరు రేపు మారుతుంది, మీకు నేను చెప్పాలా? వాయిదా కుదరకపోతే వస్తాను, అక్కకి మాటిచ్చాను కనుక.

శ్యామ్‌కి ఆర్నెల్లు ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఉజ్వల బాగానే ఉంది. మీరు జాగ్రత్త.

నళిని


కమ్మింగ్
నవంబర్ 24, 2010

నళినికి ఆశీస్సులు.

నువ్వు విమానం ఎక్కినప్పటి నుంచీ మీ అక్క నీ మీద అలిగి ఉంది. వచ్చినదానివి ఒక్క పూట కూడా నిలవలేదని. నాకూ అనిపించింది గానీ బయటికి అనలేదు.

ఆ సభ గురించి రాయకుండా ఉండలేను. గౌరీశంకర్ నన్ను “అమెజాన్ అడవుల్లో చెట్టు కనిపెట్టిన మహానుభావుడు” అన్నాడు. నేను బోర్నియో ఎరగను, అమెజాన్ అసలే ఎరగను. కనిపెట్టింది నువ్వు, అదీ చెప్పలేదు. దామోదర్ గారి భార్య కేక్ మీద ఆకుపచ్చ క్రీముతో చెట్టు వేయించి తెచ్చింది, దానికి మామిడికాయలున్నాయి. జనం మూడుసార్లు లేచి నిలబడ్డారు. నేను దండ మెడలో వేసుకుని నవ్వుతూనే ఉన్నాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు.

నువ్వు మైకు దగ్గరికొచ్చి నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నావు. “బావగారు నాకు ఆకు చూడటం నేర్పారు” అన్నావు. చెట్టు పేరే ఎత్తలేదు. నా మొహం వైపు చూడలేదు. నేనూ నీ వైపు చూడలేదనుకో.

సభ కోసం ఇంటికొచ్చిన ఉజ్వల స్టేజీ మీదికి వచ్చి, వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. వాళ్ళ అమ్మ చెప్పి పంపిందనుకుంటా. లేచి, “అంకుల్, జూన్‌లో నేను వెళ్లి మీ ట్రీ చూస్తా. పిక్చర్ తీసి మీకు ఫస్ట్ పంపిస్తా” అంది. ఆ పిల్ల కళ్ళు చూశావా? ‘అలాగేనమ్మా’ అన్నాను. అలాగేనమ్మా అన్నాను నళినీ.

ఆరోగ్యం పరవాలేదు. తిండి మీద ధ్యాస తగ్గింది. నువ్వేమైనా రాయాలనుకుంటే రాయి.

విశ్వనాథం


పార్సిప్పనీ
జనవరి 16, 2011

బావగారికి,

ఈ ఉత్తరం అక్కకి వినిపించకండి.

ఆ చెట్టు లేదు.

ఆకు ఒక చెట్టుది, కాయలు ఇంకో చెట్టువి. రెండూ ఎప్పుడో ఎవరెవరో పేర్లు పెట్టేసిన చెట్లే. పక్కపక్కన పెరిగి, పైన కొమ్మలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. మేము ఒకదాని కొమ్మ కోసి, రెండోదాని కాయలు ఏరి, రెంటినీ ఒకే అట్ట మీద కుట్టాం. నేను దానికి మీ పేరు పెట్టాను.

ఉజ్వల పనికి ఉపయోగపడుతుందని ఆకు ముక్కా, గిన్నె ముక్కా మా ల్యాబ్‌కి డిఎన్ఏ కోసం పంపాను. కాయలోని గింజకి తండ్రి ఏ చెట్టయినా కావచ్చు. గిన్నె మాత్రం తల్లి ఒంట్లోదే. ఆకుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవలేదు. మళ్ళీ చేయించాను, మళ్ళీ కలవలేదు. ఆ రిపోర్టు అక్టోబర్‌లో నా ఒక్కదానికే వచ్చింది. చూశారుగా, అక్టోబర్‌లో. ఆ నెలలోనే మీకు ‘చెట్టు కిందే ఏరాం’ అని రాశాను. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. కిందే ఏరాం, ఏ చెట్టు కిందో రాయలేదు, అంతే కదా అని! అంత దిగజారాను.

తెలిసి వచ్చి మీ పక్కన స్టేజీ మీద కూర్చున్నాను. వాళ్ళు చప్పట్లు కొడుతుంటే తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉన్నాను. మీ మెడలో దండ చూస్తుంటే తల కొట్టేసినట్టయింది. మీ ఆనందం పాడుచెయ్యలేక ఊరుకున్నానని సర్దిచెప్పుకున్నాను.

ఇదంతా మీకు చెప్పకుండా ఇంకా కొన్నాళ్ళు గడిపేసేదాన్నేమో. కానీ పోయినవారం ఉజ్వల నా గదికొచ్చి, “కోస్టారికాకి నో చెప్పేశాను ఆంటీ, ఈమెయిల్ పంపేశాను” అంది. పంపే ముందు అడిగి ఉంటే చెప్పేదాన్నా? ముందు రోజు అడిగింది బావగారూ! “ఏం చెయ్యమంటారు?” అని అడిగింది. “బాగా ఆలోచించుకో” అన్నాను. అంతకన్నా ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. ఆ ప్రొఫెసర్ అప్పుడే ఇంకో స్టూడెంట్‌ని తీసుకున్నాడట. ఈ పిల్ల జూన్‌లో లేని చెట్టుని వెతుక్కుంటూ బోర్నియో వెళుతుంది. దాని ఫెలోషిప్‌లో ఏడాది దానికే పోతుంది.

నా మీద మీకు అసహ్యం వేస్తే న్యాయమే. మిమ్మల్ని ఊరందరి ముందు నిలబెట్టి నవ్వులపాలు చేశాను. ఏం చెయ్యమంటారో చెప్పండి.

నళిని


కమ్మింగ్
జనవరి 22, 2011

నళినీ,

నాకు తెలుసు.

నీ కవర్ విప్పిన రోజునే తెలుసు. ఆ ఫొటోలో కొమ్మ చివర ఒక ఎండిన కాడ ఉంది, వెనకటి సంవత్సరం కాయలు కాసి రాలిన కాడ. దాని మీద మచ్చలు చూడు. మూడేసి కాయలు ఒకదానికొకటి అంటుకుని కాసిన మచ్చలవి. నువ్వు ఏరిన కాయలు ఒంటికాయలు. చుట్టూ నున్నగా ఉన్నాయి, పక్కకాయతో అంటుకున్న గుర్తు ఒక్కదానికీ లేదు. ఆ కొమ్మకి ఆ కాయలు కాయవు. మిరియాల్లో బొప్పాయి గింజలు పట్టుకున్నవాడికి అది కనపడకుండా ఉంటుందా?

కనపడింది. అందుకే అడిగాను, ఎక్కడ ఏరారని. మళ్ళీ అదే పేజీలో ‘చాదస్తం, వదిలెయ్’ అని నేనే కొట్టేశాను. నువ్వు అవునంటావేమోనని భయం. అక్టోబర్‌లో నీ జవాబు చదవగానే నీకూ తెలిసిపోయిందని అర్థమైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు రాశావు. అయినా కొత్త బట్టలు కట్టుకుని సభకి వెళ్ళాను.

అంటే ఆ స్టేజీ మీద ఇద్దరం తెలిసే కూర్చున్నాం. నాకు నీ సంగతి తెలుసు, నా సంగతి నీకు తెలియదు. అంచేత నీకన్నా నేను ఒక మెట్టు కిందే ఉన్నాను.

ఎందుకు ఊరుకున్నానో చెబుతాను, విను. ఇన్నేళ్ళుగా ఎవరైనా ‘మీరేం చేస్తారండీ’ అంటే ‘ఫుడ్ కంపెనీలో’ అని గొణిగేవాణ్ణి. మీ అక్క పక్కనుంచి ‘సైంటిస్ట్’ అని సరిదిద్దేది. నాకు ఒళ్ళు మండేది. కిందటి సెప్టెంబర్‌లో మొదటిసారి అది సరిదిద్దాల్సిన పని లేకపోయింది. ఆ సుఖం వదులుకోలేకపోయాను. డెబ్బై దాటినవాడికి ఇంత పేరాశ ఉంటుందని నాకే తెలియదు. సిగ్గుగా ఉంది. అద్దంలో గడ్డం గీసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఇక నీ సంగతి. నా ఆనందం పాడుచెయ్యలేక ఊరుకున్నానని రాశావు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట నీలాంటివాడు. నన్ను అడ్డం పెట్టుకోకు. నువ్వు ఊరుకుంది నీ పేరు కోసం, నేను ఊరుకుంది నా పేరు కోసం. మనిద్దరి పేర్ల కింద పడి నలిగింది మాత్రం ఆ పిల్ల ఏడాది.

చెయ్యాల్సినవి రెండు. ఈ ఉత్తరం అందిన రోజే ఉజ్వలని కూర్చోబెట్టి చెప్పు. తర్వాత జర్నల్‌కి రాయి, తప్పు నాదేనని. కాడ మీద మచ్చల సంగతి కావాలంటే నా పేరుతో రాసుకో. నా పేరు మునగడానికి నా సంతకమే పెడతాను. మన శాస్త్రంలో తప్పు పేరు చెరిపెయ్యరు కదా. అసలు పేరు కింద చిన్న అక్షరాల్లో ఎప్పటికీ ఉంచుతారు. ఉండనీ. ఉగాది సభలో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. అక్కడ నా వంతు నేను చెప్పేస్తాను.

మీ అక్కకి ఇవాళే చెబుతాను. అదే అన్నిటికన్నా కష్టం.

విశ్వనాథం


పార్సిప్పనీ
మార్చి 19, 2011

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కాడ మీద మచ్చలు భూతద్దంతో చూశాను. నేను ఏడాది పాటు చూస్తూ కూడా చూడలేదు. నాకు కావలసింది కాయా ఆకూ కలవడం. అందుకని కలిపేసుకున్నాను.

జర్నల్‌కి రాశాను. మీ పేరు నా పేరు పక్కనే పెట్టాను. జూలైలో వేస్తారు. మా డైరెక్టర్‌కి చెప్పాను. ఆయన ‘ఇట్ హ్యాపెన్స్’ అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఉజ్వలకి ఇంకా చెప్పలేదు.

కోప్పడకండి. ఈ నెలాఖరుకి దాని క్వాలిఫయింగ్ ఎగ్జామ్ ఉంది. ఇప్పుడు చెబితే చదవలేదు. అయ్యాక చెబుతాను. మీరు మళ్ళీ తాటిచెట్టూ దూడగడ్డీ అంటారు. అవును బావగారూ, అదే. నా టేబుల్ ఎదురుగానే కూర్చుంటుంది. మలయ్ భాష నేర్చుకుంటోంది, అడవిలో వాళ్ళతో మాట్లాడాలని. ‘చెట్టు’ని ఏమంటారో నాకు చెబుతుంది. నేను తల ఊపుతాను. రోజూ పొద్దున్నే ఇవాళ చెప్పేస్తానని కారెక్కుతాను. సాయంత్రం అలాగే దిగుతాను. ఇంత పిరికిదాన్నని నాకు తెలియదు.

ఒక్కటే బతిమాలుకుంటున్నాను. నేను చెప్పేవరకూ ఉగాది సభలో మీరు ఆ మాట ఎత్తకండి. ఇంకెవరి నోటో వింటే అది నన్ను క్షమించదు.

అక్క ఏమంది? నాతో ఫోన్‌లో సరిగ్గా మాట్లాడటం లేదు.

నళిని


కమ్మింగ్
ఏప్రిల్ 11, 2011

నళినికి,

నీ మాట నేను నిలబెట్టలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉగాది పచ్చడి పెట్టారు, పంచాంగం చదివారు, నన్ను మైకు దగ్గరికి పిలిచారు. రెండు ముక్కలు శుభాకాంక్షలు చెప్పి దిగిపోదామనే లేచాను. ఎదురుగా అదే జనం, అవే నవ్వులు. నా వల్ల కాలేదు. “నవంబర్‌లో మీరు నాకు సన్మానం చేశారు. ఆ చెట్టు లేదు. రెండు చెట్లని కలిపి ఒకటనుకున్నారు. అది తప్పని నాకు అప్పటికే తెలుసు. తెలిసే దండ వేయించుకున్నాను” అన్నాను.

వెంటనే గౌరీశంకర్ మైకు లాక్కుని, “చూశారా! ఎంత హంబుల్ మనిషో! మన యూత్ దీన్నుంచి నేర్చుకోవాలి” అన్నాడు. అంతే, హాలంతా చప్పట్లు. ఒక్కరికీ అర్థం కాలేదు. ఆ మనిషి ఎక్కణ్ణించో ఇంకో శాలువా తెప్పించి కప్పేశాడు. సిగ్గుపడటానికి ఎక్కితే మళ్ళీ సన్మానం చేసి దింపారు. తప్పు ఒప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు నళినీ.

చప్పట్లు కొట్టనిది ఒక్కతే. నాలుగో వరసలో వాళ్ళ అమ్మ పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఉజ్వల ఉగాదికి వస్తుందని నాకు తెలియదు. ఎగ్జామ్ అయిపోయిందట, వాళ్ళ అమ్మకి సర్‌ప్రైజ్ అని వచ్చిందట.

అందరూ ప్లేట్లు పట్టుకుని లైన్‌లో నిలబడ్డాక నా దగ్గరికి వచ్చింది.

“అంకుల్, మీకు ఎప్పుడు తెలుసు?”

ఎందుకు, ఎలా అని అడగలేదు. ఎప్పుడు అని అడిగింది.

“సెప్టెంబర్‌లో అమ్మా. మీ ఆంటీ పంపిన ఫొటో చూసిన రోజునే.”

“అంటే, నేను కోస్టారికా నో చెప్పకముందు.”

“అవునమ్మా.”

“నేను స్టేజ్ మీద మీ కాళ్ళకి దండం పెట్టినప్పుడు కూడా తెలుసు.”

“తెలుసు.”

“మరి నాకు ఎందుకు చెప్పలేదు?”

“అది నా పేరమ్మా” అన్నాను. నిజం అదే కదా.

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు రాలేదు. వస్తే బాగుండేది. “అది నా ఇయర్ కూడా కదా అంకుల్” అంది.

మళ్ళీ తనే, “నళిని ఆంటీకి ఎప్పుడు తెలుసు?” అని అడిగింది. “అది ఆంటీనే అడుగమ్మా. నేను చెప్పకూడదు” అన్నాను. తలూపి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న మనోహర్ నా చెయ్యి పట్టుకుని ఊపి, “గ్రేట్ స్పీచ్ అండీ” అన్నాడు. ఆయనకీ ఏమీ తెలియదు.

ఇంటికొస్తూ కారులో మీ అక్క ఒకటే మాట అంది. “ఆ పిల్లకి ముందు విడిగా చెప్పాల్సింది.” అది నిజం. ఫోన్ చేస్తే సరిపోయేది. నంబరు అడగడానికి వాళ్ళ అమ్మానాన్నల ఇల్లు నాలుగు వీధులవతలే. అట్లాంటిది, తప్పు చెప్పుకోవడానికి కూడా నాకు మైకు కావలసి వచ్చింది.

ఉజ్వల తిరిగి రాగానే నీ దగ్గరికే వస్తుంది. నెల తగ్గించి చెప్పకు. అక్టోబర్ అంటే అక్టోబర్.

విశ్వనాథం


పార్సిప్పనీ
ఏప్రిల్ 24, 2011

బావగారికి,

వచ్చింది. మీ ఉత్తరం అందేలోపే వచ్చింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. “మీకు ఎప్పుడు తెలుసు?” అని అడిగింది. “అక్టోబర్” అన్నాను. “నేను మిమ్మల్ని అడిగినప్పుడు?” అంది. “తెలుసు” అన్నాను. సారీ అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. నన్ను ఆంటీ అనలేదు. ఆ రోజు నుంచీ డాక్టర్ అంటోంది.

గైడ్‌ని మార్చుకుంటానని డిపార్ట్‌మెంట్‌కి రాసింది. నేనే సంతకం పెట్టాను. ఏడాది వెనకబడుతుంది. కోస్టారికా ప్రొఫెసర్‌కి నేను రాశాను, తప్పంతా నాదేనని, ఎప్పుడైనా చోటుంటే చూడమని. ఇంకా జవాబు రాలేదు. వస్తుందన్న నమ్మకం లేదు.

నిన్న సామాన్లు సర్దుకోవడానికి వచ్చింది. వెళ్ళే ముందు బీరువా తీసి ఆ నమూనా అట్ట బయటికి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. కొత్త పేరుకి ఆధారమైన నమూనాలకి మాత్రమే వాడే ఎర్ర అంచు ఫోల్డర్, మీ పేరు ఉన్నదే. మన ఆచారం మీకు తెలిసిందే. నమూనా చూసినవాళ్ళు తమకి ఏమని తోచిందో చిన్న స్లిప్పు మీద రాసి, పేరూ తేదీ వేసి, అదే అట్ట మీద అంటించాలి. పాత స్లిప్పు తప్పయినా పీకకూడదు, పక్కన కొత్తది అంటించాల్సిందే. ఉజ్వల తన స్లిప్పు అప్పటికే రాసుకుని వచ్చింది. ‘ఆకు ఒక జాతి. కాయలు ఇంకో జాతి.’ కింద పేరు, ఏప్రిల్ 2011. చక్కగా జిగురు రాసి అంటించింది.

తర్వాత ఒక ఖాళీ స్లిప్పు నా ముందుకి తోసింది. “మీరు కూడా పెట్టండి డాక్టర్. రాసిన డేట్ కాదు. తెలిసిన డేట్.”

రాశాను బావగారూ. అక్టోబర్ 2010 అని. దాని ఎదుటే జిగురు రాసి దాని స్లిప్పు పక్కనే అంటించాను. తేదీలు రెండూ చదువుకుని తల ఊపింది. ఇంకో యాభై ఏళ్ళకి ఏ దేశం నుంచి ఏ కుర్రవాడు వచ్చి ఆ బీరువా తెరిచినా, తెలిసి ఎన్నాళ్ళు ఊరుకున్నానో వాడికి నేను చెప్పక్కర్లేదు.

వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, “అంకుల్‌ది కూడా కావాలి” అంది.

అందుకని ఒక ఖాళీ స్లిప్పు ఈ కవర్‌లో పెట్టి పంపుతున్నాను. పెన్సిల్‌తో వద్దు బావగారూ, ఇంకుతో రాయండి.

నళిని